యూదా వీలునామాలో ఆఖరి పద్యం

ఎవరైనా పద్యం చెప్పమని అడిగితే దెయోదాతో ముందు ఎడమచేతి వెనకభాగంతో పెదవులు తుడుచుకునేవాడు. కాఫీ తాగి ఉండడు, పొగాకు నమిలి ఉండడు. పొడిగా ఉన్న పెదవులనే ఒక కొస నుంచి ఇంకో కొసకు తుడిచి, ఆ చేతిని ముందు కట్టుకున్న తోలుగుడ్డకు రాసి, అప్పుడు "ఏ పద్యం?" అనేవాడు. ఏ పద్యమో ఆయనకు తెలుసు. అడిగినవాళ్ళకూ తెలుసు.

ఉంబురానాలో గుర్రపు జీన్లు కుట్టేవాడు ఆయనొక్కడే. బ్రెజిల్ ఈశాన్యంలో, ముళ్ళపొదల మధ్య పశువులను నమ్ముకుని బతికే ఊరది. అక్కడ కాపరులు టోపీ నుంచి కాళ్ళ తొడుగుల దాకా తోలే వేసుకుంటారు. లేకపోతే ముళ్ళు ఒళ్ళు చీరేస్తాయి. ఆ తోలంతా దెయోదాతో చేతుల మీదుగా పోయేది. అయినా జీనుమేస్త్రీ అని కాదు, వీలునామా మేస్త్రీ అని ఆయన్ను చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గుర్తుపట్టేవారు.

ఈస్టర్‌కు ముందురోజు శనివారం పొద్దున, గురువారం నుంచి మూగగా ఉన్న గుడిగంట మళ్ళీ మోగగానే, చౌకులో జువాజేరు చెట్టుకు వేలాడుతున్న గడ్డిబొమ్మను పిల్లలు కర్రలతో కొట్టి చీల్చేస్తారు. ఆ బొమ్మ ఏసును పట్టిచ్చిన శిష్యుడు యూదా. పిండిబస్తా ముఖం, బొగ్గు కళ్ళు, ఎవరిదో చిరిగిన లాగు, లోపల ఎండిన మొక్కజొన్న పొట్టు. కొట్టేముందు వాడి వీలునామా చదవాలి. చచ్చేవాడు ఆస్తి పంచిపోవాలి గదా. వాడి చెప్పులు ఇంటిపట్టున ఉండని మొగుడికి. వాడి లాగు పెళ్ళాం మాట జవదాటని పోలీసుకు. వాడి తాడు తూకంలో వేలు పెట్టే కొట్టువాడికి. ఒక్కొక్క ఆస్తికి ఒక్కొక్క పద్యం. పేరు పడినవాడే ముందు నవ్వాలి. నవ్వకపోతే ఏడాదంతా ఊరు నవ్వుతుంది.

ఆఖరికి మిగిలేది ముద్దు. గురువును పట్టిచ్చిన ముద్దు. అది ఆ ఏడాది ఊరికి ద్రోహం చేసినవాడి వాటా. చెప్పుల దగ్గర, లాగు దగ్గర ఇకిలించిన జనం ముద్దు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టేవారు.

దెయోదాతో ఏదీ కాగితం మీద పెట్టేవాడు కాదు. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యాక, బల్ల ముందు కూర్చుని, సూది తోలులోకి దిగేటప్పుడు ఒక మాట, బయటికి వచ్చేటప్పుడు ఒక మాట. కుట్టు ఎంత బిగువుగా ఉండేదో పాదం అంత బిగువుగా ఉండేది. పడుచుతనంలో ఆయన మంచి పద్యం వచ్చినప్పుడల్లా వీధిలోకి వచ్చి ఊరికే నిలబడేవాడు. ఎవరైనా పలకరిస్తే బాగుండునని.

ఊరి గుడిలో, పక్క గోడ మీద, ఆఖరి విందు బొమ్మ ఒకటి ఉంది. ఎప్పుడో దేశదిమ్మరి చిత్రకారుడెవడో అన్నం పెట్టినందుకు గీసిపోయాడట. అందులో యూదాకు ముఖం లేదు. గుడికి వచ్చిన ప్రతివాళ్ళూ గోటితో ఒక గీత గీకి పోయేవారు. తాతలు గీకారు, తండ్రులు గీకారు. ఇప్పుడు ఆ మెడ మీద సున్నపు మచ్చ ఒకటే ఉంది. చిన్నప్పుడు దెయోదాతో కూడా గీకాడు. గీకాక వేలికొనకు అంటిన రంగును లాగుకు తుడుచుకోవడం ఆయనకు గుర్తు.

కరువు రెండో ఏట చెరువు ఎండిపోయింది, బావులు ఎండిపోయాయి. నీళ్ళు లారీలో వచ్చి చౌకు పక్క తొట్టిలో పడేవి. తొట్టికి ఒక కుళాయి, కుళాయికి ఒక తాళం, ఆ తాళంచెవి బెన్వీంద మొలలో. ఆమె విధవ. కూతురు లిందాల్వాకు జ్ఞానస్నానం చేయించినప్పుడు పసిదాన్ని చేతుల్లో పట్టుకుని నిలబడిన జ్ఞానతండ్రి దెయోదాతోయే. అప్పటినుంచి ఆమె ఆయన్ను అన్నా అనేది, ఆయన ఆమెను చెల్లెమ్మా అనేవాడు. ఆ ప్రాంతంలో ఆ చుట్టరికం నెత్తుటి చుట్టరికం కంటే ఒక మెట్టు పైనే.

బెన్వీంద నోరు మంచిది కాదు. చెయ్యి మంచిది. ప్రతి డబ్బాకూ ఒకే కొలత.

"ఒసే బెన్వీందా, నా డబ్బా అంచుదాకా రాలేదే!"

"నీ డబ్బా అంచు ఆకాశంలో ఉందమ్మా. వాన పడితే నిండుతుంది. జరుగు."

"మా ఆయన తల తడుపుకోవాలంటున్నాడు, ఇంకొంచెం పొయ్యవే."

"ఉన్న నాలుగు వెంట్రుకలకు చెమట చాలదూ? ఎవరు తర్వాత?"

అందరూ పట్టుకున్నాక ఆఖరున తన డబ్బా పెట్టుకునేది. ఒక్కోరోజు ఆమె వంతుకు కుళాయి గాలి ఊదేది. అది ఎవరూ చూసేవారు కాదు. వాళ్ళ డబ్బాలు నెత్తికెత్తుకుని అప్పటికే వెళ్ళిపోయి ఉండేవారు.

తొట్టి రోజురోజుకూ తొందరగా అడుగంటసాగింది. నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని ఊరు గుసగుసలాడింది. తాళంచెవి ఎవరి దగ్గరుంటే అనుమానం వాళ్ళ గడప దగ్గరే తచ్చాడుతుంది.

ఎక్కడికి పోతున్నాయో దెయోదాతో చూశాడు. కర్నల్ తెర్తులియానో గుర్రానికి జీను కొలత తీసుకోవడానికి ఆయన పశువుల దొడ్డికి వెళ్ళాడు. తెర్తులియానో ఏ సైన్యంలోనూ పనిచెయ్యలేదు. అంత భూమి ఉన్నవాణ్ణి అక్కడ కర్నల్ అనకుండా ఉండరు, అంతే. దొడ్డి వెనక, మంద తాగే గుంట దగ్గర, నీళ్ళ లారీ ఆగి ఉంది. గొట్టం గుంటలో ఉంది. డ్రైవరు నీడన కూర్చుని రొట్టె తింటున్నాడు.

"ఏంటి మేస్త్రీ, అలా చూస్తావు? దూడలకు దాహం వెయ్యదా?" అన్నాడు డ్రైవరు.

దెయోదాతో గుర్రం వీపు కొలుచుకున్నాడు. కర్నల్ అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. వెళ్ళేముందు పిలిచాడు.

"నీ కళ్ళు మంచివి దెయోదాతో. కుట్టు వంకర పోకుండా చూసుకోవడానికి అలాంటి కళ్ళే కావాలి. కాపరులందరికీ కొత్త తోళ్ళు కుట్టించాలనుకుంటున్నాను. నువ్వే కుట్టు."

"చిత్తం" అన్నాడు దెయోదాతో.

అయినా పద్యం కట్టాడు. ఆ వారమే, కర్నల్ పంపిన తోలు మీద కూర్చునే కట్టాడు. భార్య ఎర్మీనియా పొయ్యి దగ్గర మొక్కజొన్న రవ్వ ఆవిరికి పెడుతుంటే వెనక నిలబడి వినిపించాడు.

*లాగు ఇచ్చా, చెప్పులిచ్చా, తాడు కూడా ఇచ్చేశా,*
*ముద్దొక్కటే మిగిలె నాకు, దాన్నెవరికి రాసేశా?*
*పగలు మనకు చుక్క చుక్క, రాత్రి వరద ఎవరికి?*
*మందకు చెరువు నింపుకున్న కర్నల్ దొర పెదవికి.*

ఎర్మీనియా వెనక్కి తిరగలేదు. "చదువు. చదివి, మర్నాడు తోలు ఎక్కణ్ణుంచి తెస్తావో అది కూడా చెప్పు."

"నిజం గదే."

"నిజమే. రాత్రికి దాన్నే కుండలో వేసి వండుతాను, తిందువుగాని."

ఆయన మళ్ళీ బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. ముద్దు ఎవరో ఒకరికి పోవాలి. ఈసారి నీళ్ళదొంగకే పోవాలని ఊరంతా ఎదురుచూస్తోంది. చెప్పకపోతే, దెయోదాతో భయపడ్డాడంటారు. సూది రెండుసార్లు దిగి పైకి వచ్చింది. ఆఖరి పాదంలో సగం ఊడి, దాని స్థానంలో ఇంకో సగం వచ్చి కూర్చుంది. ఎలా వచ్చిందో ఆయన తరవాత చాలాసార్లు ఆలోచించాడు. పిలవలేదు, వెతకలేదు. వచ్చింది.

*తాళం మొలన దోపుకున్న బెన్వీందమ్మ పెదవికి.*

కర్నల్‌తో కుంటిన పాదం బెన్వీందతో పరుగెత్తింది. మొలలో తాళంచెవి కళ్ళకు కట్టింది. అంత మంచి పాదం ఆయన అంతవరకు కట్టలేదు. ఊరు ఎలాగూ ఆమెనే అనుకుంటోంది, నేను కొత్తగా అన్నది ఏముంది అనుకున్నాడు. ఇది నవ్వులాట అనుకున్నాడు. చెప్పేది నేను కాదు, యూదా అనుకున్నాడు. లేచి వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. తరవాతి రోజుల్లో ఆయనకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గు అనిపించింది దాని గురించే. ఆ సాయంత్రం ఆయన సంతోషంగా ఉన్నాడు.

శనివారం పొద్దున బెన్వీంద కూతురి చెయ్యి పట్టుకుని జనంలో ముందు వరసలోనే నిలబడింది. చెప్పుల పద్యానికి నవ్వింది. లాగు పద్యానికి పోలీసు భుజం మీద చరిచి నవ్వింది. తాడు పద్యానికి కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. ముద్దు పద్యం మూడో పాదం దగ్గర చౌకు నిశ్శబ్దమైంది. నాలుగో పాదం పడింది. ముందు ఒక కేక, ఆ తరవాత చౌకంతా ఒక్కటే గోల. చప్పట్లు, ఈలలు, మళ్ళీ చెప్పు మళ్ళీ చెప్పు. బెన్వీంద ముఖం మీద తాడు పద్యం తాలూకు నవ్వు ఇంకా ఉంది. దాన్ని తీసెయ్యాలని ఆమెకు తట్టలేదు. ఆ నవ్వుతోనే చుట్టూ చూసింది.

గంట మోగింది. పిల్లలు యూదా మీద పడ్డారు.

ఆ మధ్యాహ్నమే మునిసిపాలిటీ మనిషి వచ్చి తాళంచెవి తీసుకుపోయాడు. కర్నల్ ఇంటి నుంచి దెయోదాతోకు ఒక మేక వచ్చింది. చాలా బాగుందట పద్యం. ఈస్టర్ పూట ఎర్మీనియా దాన్ని వండింది. ఇద్దరూ తిన్నారు.

సాయంత్రం బెన్వీంద ఆయన కొట్టు గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. తిడుతుందని ఆయన సూది పక్కన పెట్టి లేచాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"పద్యం బాగుంది, దెయోదాతో గారూ" అందామె.

అంతే. అన్నా అనలేదు. గారూ అంది. ఆమె వెళ్ళిపోయాక ఆయన ఎడమచెయ్యి పైకి లేచి పెదవులు తుడిచింది. మేక కొవ్వు అంటుకుందేమో అనుకున్నాడు మొదటిసారి.

తాళంచెవి చేతులు మారినా తొట్టిలో నీళ్ళు పెరగలేదు. ఎందుకు పెరగలేదని ఎవరూ అడగలేదు. పద్యం ఉంది గదా, ఇంక వేరే జవాబు ఎందుకు? ఆడవాళ్ళు వరసలో బెన్వీందను వెనక్కి నెట్టి తాము ముందుకు జరిగారు. ఆమె కర్రపెండలం పిండితో చేసే బెయ్‌జు రొట్టెలు కొనడం మానేశారు. నాలుగోరోజుకో అయిదోరోజుకో ఆమె కుళాయికి రావడం మానేసింది. ఎండిన ఏటిలో ఇసుక తోడితే ఊరే ఉప్పునీళ్ళ గుంట ఉంది. డబ్బా నెత్తిన పెట్టుకుని అక్కడికి నడిచింది. కరువు పోయాక, ఏరు వచ్చాక, కుళాయికి తాళం తీసేశాక కూడా అక్కడికే నడిచింది.

ఆడపిల్లలు తాడాట ఆడేటప్పుడు ఆ పద్యం పాడసాగారు. మూడు పాదాలకు మామూలుగా ఎగిరి, నాలుగో పాదం దగ్గర తాడు జోరు పెంచేవారు.

మరుసటి ఏడు దెయోదాతో దాన్ని సరిదిద్దాలనుకున్నాడు. తపస్సు కాలమంతా కూర్చున్నాడు. సూది దిగింది గాని మాట దిగలేదు. చివరికి తయారైంది ఇది.

*తప్పుడు గడప తొక్కిందయ్యా పోయినేటి నా ముద్దు,*
*బెన్వీందమ్మ మంచిదయ్యా, ఆమెనెవరూ తిట్టొద్దు.*

జనం కాసేపు చూశారు. యూదా కూడా ఆమెను భరించలేక ముద్దు వెనక్కి తీసుకున్నాడని ఎవరో అన్నారు, దానికి నవ్వారు. "పాతది చెప్పు మేస్త్రీ!" అని వెనక నుంచి కేక వేశారు. మధ్యాహ్నానికి ఆ రెండు పాదాలూ ఎవరికీ గుర్తు లేవు. కొన్నాళ్ళకు ఆయనకే గుర్తు లేవు. అందులో కూడా కర్నల్ పేరు లేదు. ఆ సంగతి మాత్రం ఆయన మరిచిపోలేదు.

ఒక మనిషి దొంగ అంటే నోటికి వెంటనే అతుక్కుంటుంది. ఒక మనిషి దొంగ కాదంటే అతకదు. జీను మీద మచ్చ వెయ్యడానికి ఒక్క పూట చాలు. తుడవబోతే మచ్చ పోదు, తోలు పోతుంది. పనివాడు గనక ఇది ఆయనకు ముందే తెలిసి ఉండాల్సింది.

ఆ తరవాత ఏళ్ళన్నీ ముద్దు ఎవరికీ ఇవ్వలేదు. ఏటికి ఇచ్చాడు, ఎండకు ఇచ్చాడు, గాడిదకు ఇచ్చాడు. మేస్త్రీ చప్పబడిపోయాడన్నారు. అయినా ప్రతి ఏడూ ఆయన్నే పిలిచారు, ఆయనా వెళ్ళాడు. వెళ్ళకుండా ఉండలేకపోయాడు. చెట్టు కింద ముక్కాలిపీట ఎక్కి నిలబడ్డప్పుడు తప్ప ఆయన ఎవరు? తోలు కుట్టే ముసలివాడు. కర్నల్ మంచాన పడి చనిపోయాడు. బాజాలతో తీసుకెళ్ళి పాలరాయి కింద పెట్టారు. ఆయన మీద ఎవరూ ఏ పద్యమూ కట్టలేదు.

గుడ్ ఫ్రైడే నాడు ఉంబురానాలో ఇల్లు ఊడవరు, తల దువ్వరు, పాలు పితకరు. జ్ఞానబిడ్డలు పొద్దున్నే వచ్చి గడప దగ్గర మోకరించి జ్ఞానతండ్రి దీవెన తీసుకుంటారు. దెయోదాతో ఇంటికి నలుగురైదుగురు వచ్చేవారు. లిందాల్వా మాత్రం చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆగిపోయింది, మళ్ళీ రాలేదు. ఇన్నేళ్ళకు ఈ ఏటి గుడ్ ఫ్రైడేకు వచ్చింది. ఆమె తలలోనే ఒకటి రెండు తెల్లవెంట్రుకలు ఉన్నాయి. మోకరించలేదు.

"అమ్మ రమ్మంటోంది" అంది.

దెయోదాతో భార్య వైపు చూశాడు. ఎర్మీనియా మాంసం మాని చేప తినే ఆ ఉపవాసపు పూట వండిన చేపల పులుసు ఒక గిన్నెలో పోసి మూత పెట్టింది.

"వెళ్ళు. ఇది తీసుకెళ్ళు" అంది. కాసేపటికి మళ్ళీ అంది, "ఆ మేకను నేను కూడా తిన్నాను."

బెన్వీంద ఇల్లు ఏటి గట్టున చివరిది. ఆమె నులకమంచం మీద కూర్చుని ఉంది. కాళ్ళు కుండల్లా వాచి ఉన్నాయి. మూల మట్టికూజా, దాని మీద చెక్కమూత, మూత మీద బోర్లించిన లోటా. బయట మనవరాలు ఇంకో పిల్లతో తాడాట ఆడుతోంది. ఏం పాడుతోందో ఇద్దరికీ వినిపిస్తోంది.

"కూర్చోండి, దెయోదాతో గారూ. పీట కాలు ఊగుతుంది, చూసుకుని."

ఆయన కూర్చున్నాడు.

"దానికి తెలియదు" అంది బెన్వీంద బయటికి చూపుతూ. "ఆ పాటలో బెన్వీందమ్మ ఎవరో పాతకాలపు రాకాసి అనుకుంటోంది. ఉండనియ్యండి. ఇంట్లో నన్ను అవ్వా అంటారు గనక సరిపోయింది."

ఆయన పెదవులు తుడుచుకున్నాడు.

"రేపు ముద్దు ఎవరికి?"

"గాడిదకు."

"పోయినేడూ గాడిదకే అన్నారట. ఊళ్ళో దొంగలకు అంత కరువొచ్చిందా?"

ఆయన నవ్వబోయి ఆగాడు. ఆమె నవ్వడం లేదు.

"ఒక్కమాట అడుగుతాను. అప్పుడు, ఆ ఏడు, నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో మీకు తెలుసా?"

ఈ ప్రశ్న కోసం ఆయన ఇన్నేళ్ళూ జవాబులు కుట్టి పెట్టుకున్నాడు. ఊరంతా అన్నారు, నేనూ అన్నాను అనవచ్చు. ఎవరికి తెలుసు, చీకట్లో జరిగేది అనవచ్చు. చేపల పులుసు గిన్నె ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది.

"తెలుసు" అన్నాడు. "లారీ కర్నల్ దొడ్లో ఆగేది. నా కళ్ళతో చూశాను."

బయట తాడు నేలకు తగులుతున్న చప్పుడు.

"తెలియక అన్నారనుకున్నాను" అంది బెన్వీంద. "అందరితో పాటు మీరూ నమ్మారనుకున్నాను. అన్న కూడా నమ్మాడే అని ఏడ్చాను. ఇన్నాళ్ళూ నేను ఏడ్చింది కూడా తప్పు దానికన్నమాట."

"నేను రేపు చెబుతాను. పేరు పెట్టి చెబుతాను. లారీ, గుంట, కర్నల్, అన్నీ. మంచి పద్యం కడతాను చెల్లెమ్మా, ఈసారి—"

"వద్దు."

ఆ మాట గట్టిగా అనలేదు. నీళ్ళవరసలో ఒకప్పుడు 'జరుగు' అన్నట్టే అంది.

"పాలరాయి కిందున్నవాడి మీద పద్యం ఎవరైనా కడతారు. మీరు మంచిది కట్టారనుకోండి, ఇదీ అదీ కలిపి పాడుకుంటారు. చెడ్డది కట్టారనుకోండి, పాతదే పాడుకుంటారు. మీ పద్యంలో నా పేరు ఇంక వద్దు. మంచికీ వద్దు."

"క్షమించమని అడగాలని—"

"అది ఫాదర్ పని. గుళ్ళో ఉంటాడు. నాకు నీళ్ళు కావాలి."

ఆయనకు అర్థం కాలేదు.

"ఈ కాళ్ళతో ఏటి గుంటదాకా పోలేను. లిందాల్వా కుళాయి నీళ్ళు తెస్తుంది. నా నోటికి ఆనవు. వరసలో వెనక్కి నెట్టినరోజు, ఆ నీళ్ళు ఇంక ముట్టకూడదనుకున్నాను. ఒట్టేం కాదు. మొండితనం. ముసలిదాన్నయ్యాను, అది ముసలిదవలేదు." లోటా వైపు చూసింది. "మీరు తెస్తే తాగుతాను. తెండి. కావడి వేసుకుని, వరసలో నిలబడి. ఎవరికని అడిగితే నా పేరు చెప్పండి. అక్కడ చెప్పండి, ఆ మాట వరకే. రేపు పొద్దున, చౌకు నిండా జనం ఉన్నప్పుడు."

"రేపు పొద్దున వీలునామా—"

"అవును. అందుకే రేపు."

గిన్నె లిందాల్వా చేతికిచ్చి ఆయన బయటికి వచ్చాడు. ఆడుతున్న పిల్లలు తాడు ఆపి దారి ఇచ్చారు. "తాతా, నువ్వేనట గదా ఈ పాట కట్టింది?" అంది ఒక పిల్ల. ఆయన తల ఊపాడో లేదో ఆయనకే తెలియలేదు.

దారిలో గుడి తలుపులు తెరిచే ఉన్నాయి. విగ్రహాల మీద దుఃఖదినాలకు కప్పిన ఊదారంగు గుడ్డలు. లోపల ఎవరూ లేరు. పక్క గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. పదకొండుమంది శిష్యుల ముఖాలు చూశాడు. ఎవరో దేశదిమ్మరి ఎంతో ఓపికగా గీసిన గడ్డాలు, బుగ్గలు. ఒకే ఒక్క సున్నపు మచ్చ. ముఖం చెరిపింది కోపంతో కాదు, ఎవరి ముఖమైనా అక్కడ పట్టాలని అయి ఉంటుంది అనిపించింది. వేలు చాచాడు. మచ్చ నున్నగా, చల్లగా ఉంది.

మర్నాడు పొద్దున ఎర్మీనియా ఆయన తెల్లచొక్కా తీసి మంచం మీద పెట్టింది. ఏటా వీలునామాకు వేసుకునేది అదే. ఆయన దాన్ని తొడుక్కోలేదు. పని చొక్కాతోనే పెరట్లోకి పోయి, చూరులోంచి కావడి బద్ద దించాడు. రెండు డబ్బాలు కడిగాడు. తాళ్ళు పాతవి, ముడులు విప్పి మళ్ళీ వేశాడు.

చౌకు నిండిపోయి ఉంది. జువాజేరు కొమ్మకు యూదా వేలాడుతున్నాడు. ఈసారి ఎవరో మెడకు టై కట్టారు. చెట్టు కింద ముక్కాలిపీట సిద్ధంగా ఉంది. ఆయన్ను చూడగానే గోల లేచింది.

"వచ్చాడు వచ్చాడు! జరగండి!"

"కావడి ఏంటి మేస్త్రీ, యూదాకు స్నానం పోస్తావా?"

"ఈ ఏడు ఆస్తి ఎక్కువట, మోసుకొచ్చాడు!"

ఆయన పీట పక్కనుంచే నడిచి, కుళాయి దగ్గర వరస చివర నిలబడ్డాడు. ముందున్న ఆడమనిషి వెనక్కి తిరిగింది.

"ఏమయ్యా, అక్కడ నీకోసం చూస్తుంటే ఇక్కడ నిలబడ్డావు? మీ ఇంట్లో నీళ్ళు లేవా?"

"మా ఇంటికి కాదు. బెన్వీందకు."

"ఏ బెన్వీంద?" అందామె. అన్నాక గుర్తొచ్చి ఊరుకుంది. ఆమె ముందున్నామె, ఆ ముందున్నామె కూడా వెనక్కి తిరిగారు. ఎవరో కిసుక్కుమన్నారు. చెట్టు దగ్గర నుంచి ఒక గొంతు మొదలుపెట్టింది, *లాగు ఇచ్చా, చెప్పులిచ్చా.* పిల్లలు అందుకున్నారు. మేస్త్రీ ఈసారి కొత్త తమాషా చేస్తున్నాడనుకున్నారు, ఊరంతా పాడింది. నాలుగో పాదం దగ్గర చప్పట్లు కూడా కొట్టారు. ఆయన వరసలో ఒక అడుగు ముందుకు జరిగాడు.

గంట మోగింది. కాసేపు పిల్లలు కర్రలు పట్టుకుని ఆయన వైపే చూశారు. వీలునామా లేకుండా యూదాను ఎప్పుడూ కొట్టలేదు. తరవాత ఎవడో మొదటి దెబ్బ వేశాడు. మొక్కజొన్న పొట్టు గాలిలోకి లేచి వరసలో నిలబడ్డవాళ్ళ తలల మీద పడింది.

ఆయన వంతు వచ్చింది. రెండు డబ్బాలూ నింపుకుని, కావడి భుజానికెత్తుకుని, ఊగకుండా రెండు తాళ్ళూ రెండు చేతులతో పట్టుకున్నాడు. చౌకు మధ్యనుంచే నడిచాడు. వేరే దారి ఉంది, అటు పోలేదు. వెనకనుంచి పాట ఇంకా వస్తోంది. పెదవులు ఎండిపోయాయి. ఎడమచెయ్యి తాడు వదిలింది. డబ్బా ఊగి నీళ్ళు కాలి మీద పడ్డాయి. మళ్ళీ తాడు పట్టుకున్నాడు.

బెన్వీంద మంచం మీద నుంచే చూస్తోంది. ఆయన చెక్కమూత తీసి నీళ్ళు కూజాలో పోశాడు. ఆమె తొంగి చూసింది.

"కూజా వెలితిగా ఉంది."

"దారిలో ఒలికింది."

"అయితే మళ్ళీ వెళ్ళండి" అంది బెన్వీంద.

ఆయన ఖాళీ డబ్బాలు కావడికి తగిలించుకుని మళ్ళీ చౌకు వైపు నడిచాడు.